స్కానర్ ఫోన్‌కి కనెక్ట్ కావట్లేదా? ఎక్కడ తెగిందో ముందు కనిపెట్టండి

నిన్నటిదాకా బాగానే పనిచేసింది, ఇవాళ యాప్ తెరిస్తే "స్కానర్ దొరకలేదు" అంటోంది, ఏం చేయాలి? వైఫై స్కానర్ కొన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలామంది చేసే మొదటి పని యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం, రెండోది స్కానర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం. నిజానికి ఈ రెండూ చిట్టచివర చేయాల్సినవి. తప్పు రూటర్‌లో ఉండి మీరు స్కానర్‌ని రీసెట్ చేస్తే, సమస్య అలాగే ఉంటుంది, బాగున్న సెట్టింగులు మాత్రం పోతాయి.

కాగితాలు లోపలికి లాక్కునే డాక్యుమెంట్ స్కానర్లని, అంటే స్కాన్‌స్నాప్, ఎప్సన్, బ్రదర్ లాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ప్రింటర్‌తో కలిసి వచ్చే ఆల్-ఇన్-వన్‌లకీ దాదాపు ఇదే వరస. మెనూల పేర్లు ఫోన్‌ని బట్టి, కంపెనీని బట్టి కొంచెం అటూఇటూ ఉంటాయి, కంగారు పడకండి.

## 1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

పని మధ్యలో లేచి పాస్‌వర్డ్ కోసం ఇంట్లో అందర్నీ అడుగుతూ తిరగడం కంటే ముందే ఇవన్నీ పోగేసుకోవడం నయం.

- స్కానర్ మోడల్ నంబర్, పూర్తిగా. స్కాన్‌స్నాప్ ఐఎక్స్1600లో వైఫై ఉంది, దాని పక్కనే అమ్మే ఐఎక్స్1400లో లేదు, అది యూఎస్‌బీ మాత్రమే. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. లేని వైఫై కోసం వెతికే పని పెట్టుకోకుండా ముందు ఇది చూసుకోండి.
- స్కానర్ వెనకో అడుగునో ఉన్న స్టిక్కర్ ఫోటో. సీరియల్ నంబర్, మాక్ అడ్రస్ (ఆ పరికరానికి ఫ్యాక్టరీలోనే వేసిన గుర్తింపు నంబర్), చాలా మోడళ్లలో డైరెక్ట్ కనెక్షన్ పాస్‌వర్డ్ కూడా దాని మీదే ఉంటాయి.
- మీ వైఫై పేరు, పాస్‌వర్డ్. కాగితం మీద, పెద్దక్షరాలు చిన్నక్షరాలు తేడా తెలిసేలా రాసుకోండి. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ చిన్న ఎల్‌కీ తేడా స్కానర్ మీదుండే ఆ చిన్న తెరలో కనబడి చావదు.
- రూటర్ లాగిన్ వివరాలు. ఫైబర్ బాక్సు అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. ఎవరో మార్చేసి ఉంటే కనెక్షన్ పెట్టిన అబ్బాయికి ఫోన్ చేసి కనుక్కోండి.
- స్కానర్ కంపెనీ సొంత యాప్. ఎప్సన్‌కి స్మార్ట్ ప్యానెల్, బ్రదర్‌కి మొబైల్ కనెక్ట్, స్కాన్‌స్నాప్ కొత్త మోడళ్లకి స్కాన్‌స్నాప్ హోమ్. స్టోర్‌లో కనబడే ఏదో ఒక "స్కానర్" యాప్ వేసుకుంటే కుదరదు. వాటిలో ఎక్కువ భాగం ఫోన్ కెమెరాతో ఫోటో తీసేవే.
- ఇంట్లో ఇంకో ఫోన్. పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన స్కానర్ అయితే అడాప్టర్ మీద ఇన్‌పుట్ అన్నచోట 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి. 120 అని మాత్రమే ఉంటే దాన్ని ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెట్టొద్దు.

## 2. వరసగా ఆపి, వరసగా ఆన్ చేయండి

రీస్టార్ట్ చేశామని అందరూ అంటారు కానీ వరస ఎవరూ పట్టించుకోరు. కరెంటు పోయి వచ్చినప్పుడు స్కానర్ వెంటనే లేస్తుంది, ఫైబర్ బాక్సు లేచి వైఫై వదలడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. ఈలోగా కొన్ని స్కానర్లు నెట్‌వర్క్ కోసం వెతికి వెతికి ఊరుకుంటాయి. అందుకని:

1. ఫోన్‌లో యాప్‌ని పూర్తిగా మూసేయండి, రీసెంట్ యాప్స్‌లోంచి కూడా తోసేయండి.
2. స్కానర్‌ని ఆపి, అడాప్టర్ పిన్ తీసేయండి. బ్యాటరీ ఉన్న మోడల్ అయితే ఆఫ్ చేస్తే చాలు.
3. రూటర్‌ని ఆపి, అర నిమిషం ఆగి ఆన్ చేయండి.
4. ఫోన్‌లో వైఫై మీద ఇంటర్నెట్ వచ్చేదాకా ఆగండి. ఇక్కడ తొందరపడితే లాభం లేదు.
5. ఇప్పుడు స్కానర్ ఆన్ చేసి, వైఫై లైట్ మిణుకుమిణుకుమనడం ఆగి నిలకడగా వెలిగేదాకా చూడండి.
6. చివర్లో యాప్ తెరవండి.

ఇంతటితో పనైపోయిందంటే తొమ్మిదో అంకానికి వెళ్లండి. అది చేయకపోతే ఇంకోసారి కరెంటు పోయినప్పుడు మళ్లీ ఇదే తంతు.

ఇంకో మాట. కొన్ని స్కానర్లు మూత మూయగానే ఆఫ్ అవుతాయి, కొన్ని కాసేపు వాడకపోతే వాటంతట అవే ఆగిపోతాయి. యాప్‌లో వెతికేముందు స్కానర్ నిజంగా మేలుకుని ఉందా అని ఒకసారి కళ్లారా చూడండి.

## 3. మూడు లింకుల్లో ఏది తెగింది?

అసలు పని ఇక్కడుంది. ఫోన్‌కీ స్కానర్‌కీ మధ్య మూడు లింకులు ఉంటాయి. స్కానర్ నుంచి రూటర్‌కి ఒకటి. ఫోన్ నుంచి రూటర్‌కి ఇంకొకటి. ఈ రెండూ బాగున్నా, యాప్ స్కానర్‌ని గుర్తుపట్టడం అనేది మూడోది. ఏది తెగిందో తెలియకుండా అన్నిట్నీ కెలికితే సాయంత్రం దాకా కూర్చున్నా తేలదు.

ముందు రెండు ఐపీ అడ్రసులు, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికీ రూటర్ ఇచ్చే నంబర్లు, రాసుకోండి.

ఫోన్‌ది: ఐఫోన్‌లో సెట్టింగ్స్, వైఫై, కనెక్ట్ అయిన నెట్‌వర్క్ పక్కన గుండ్రంలో ఉన్న ఐ గుర్తు నొక్కండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, వైఫై, నెట్‌వర్క్ పక్కన చక్రం గుర్తు, అక్కడ కిందికి జరిపితే కనబడుతుంది.

స్కానర్‌ది: తెర ఉంటే నెట్‌వర్క్ స్టేటస్‌లో చూడొచ్చు. తెర లేకపోతే రూటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితా తెరిచి, స్టిక్కర్ మీది మాక్ అడ్రస్‌తో సరిపోల్చుకోండి. రూటర్ పేజీ తెలియకపోతే ఫోన్ ఐపీ అడ్రస్ చూసినచోటే రూటర్ లేదా గేట్‌వే అన్న నంబర్ ఉంటుంది, దాన్ని బ్రౌజర్‌లో కొట్టండి. జియోఫైబర్ బాక్సుల్లో మామూలుగా 192.168.29.1 ఉంటుంది, చాలా మిగతావాటిలో 192.168.1.1 లేదా 192.168.0.1.

ఇప్పుడు చూడండి:

- జాబితాలో స్కానరే లేదు, లేదా దాని అడ్రస్ 169.254తో మొదలైంది: మొదటి లింకు తెగింది. 4వ అంకానికి వెళ్లండి. 169.254 అంటే రూటర్ ఆ స్కానర్‌కి అడ్రస్ ఇవ్వలేదని, అదే సొంతంగా ఒకటి తగిలించుకుందని అర్థం.
- రెండింటికీ అడ్రసులు ఉన్నాయి కానీ మొదటి మూడు అంకెల గుంపులు వేరు: రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నాయి. 5వ అంకం.
- మొదటి మూడు గుంపులూ ఒకటే: స్కానర్ ఐపీ అడ్రస్‌ని ఫోన్ బ్రౌజర్‌లో కొట్టండి. ఎప్సన్, బ్రదర్ నెట్‌వర్క్ స్కానర్లు చాలావరకు సొంత పేజీ ఒకటి తెరుస్తాయి. భద్రతా హెచ్చరిక వస్తే భయపడొద్దు, అది మీ ఇంట్లో పరికరమే. పేజీ తెరుచుకుంటే నెట్‌వర్క్ శుభ్రంగా ఉంది, తప్పు యాప్‌దీ పర్మిషన్లదీ, నేరుగా 7వ అంకానికి పోండి. తెరుచుకోకపోతే 6.

స్కాన్‌స్నాప్ లాంటి వాటికి ఈ పేజీ ఉండదు. అలాంటప్పుడు ఫింగ్ లాంటి నెట్‌వర్క్ చూపే యాప్‌లో స్కానర్ కనబడుతోందా, పింగ్‌కి, అంటే "ఉన్నావా" అని పంపే చిన్న పలకరింపుకి, జవాబిస్తోందా అని చూస్తే సరిపోతుంది.

## 4. స్కానర్ అసలు వైఫైలోకే రాకపోతే

ఎక్కువ కేసుల్లో కారణం బ్యాండు, అంటే వైఫై నడిచే ఫ్రీక్వెన్సీ. చాలా స్కానర్లకి, ముఖ్యంగా కాస్త పాతవాటికి, 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ తెలియదు. స్కాన్‌స్నాప్ ఐఎక్స్500 అలాంటిదే. మీ ఇంట్లో వైఫై పేరు రెండుగా, ఒకదాని చివర 5జీ అని ఉంటే, సెటప్ చేసేటప్పుడు ఫోన్‌ని ఆ 5జీ పేరున్న దాంట్లో పెట్టొద్దు. ఎందుకంటే చాలా యాప్‌లు ఫోన్ ఏ వైఫైలో ఉందో అదే పేరుని స్కానర్‌కి అందిస్తాయి, పాపం స్కానర్‌కి ఆ పేరే కనబడదు.

సెటప్ అయ్యాక మాత్రం ఫోన్ 5లో ఉన్నా, స్కానర్ 2.4లో ఉన్నా ఫర్వాలేదు. రెండూ ఒకే రూటర్ కింద ఉంటే మామూలుగా మాట్లాడుకుంటాయి. "రెండూ ఒకే బ్యాండులో ఉండాలి" అని యూట్యూబ్‌లో చెప్పేది సెటప్ వరకే నిజం.

రెండు బ్యాండ్లకీ ఒకే పేరున్న రూటర్ అయితే సెటప్ పూర్తయ్యేదాకా 5 గిగాహెర్ట్జ్‌ని రూటర్ పేజీలో ఆపేసి, తర్వాత మళ్లీ ఆన్ చేయండి.

అదీ కాకపోతే వరసగా ఇవి చూడండి:

- సెక్యూరిటీ రకం, అంటే వైఫైకి తాళం వేసే పద్ధతి. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత స్కానర్లు చేరలేవు. డబ్ల్యూపీఏ2, లేదా రెండూ కలిసిన మిక్స్‌డ్ మోడ్ పెట్టండి. మిక్స్‌డ్‌లోనూ మొరాయిస్తే డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ ఒక్కటే పెట్టి చూడండి.
- వైఫై పేరు. సరదాకి ఎమోజీలు, తెలుగు అక్షరాలు పెట్టుకున్నారా? చాలా స్కానర్ల తెర మీద అవి చెత్త గుర్తుల్లా కనబడతాయి, కొన్నిట్లో అసలు జాబితాలోకే రావు. పేరులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే ఉంచండి. పేరు చివర కంటికి కనబడని ఖాళీ ఉన్నా ఇదే గోల.
- దాచిన నెట్‌వర్క్. పేరు కనబడకుండా పెట్టి ఉంటే సెటప్ వరకైనా కనబడేలా చేయండి.
- ఛానెల్. రూటర్ ఆటోలో ఉండి 12, 13 ఛానెళ్లు ఎంచుకుంటే, అమెరికా మార్కెట్ కోసం తయారైన పరికరాలు చాలావరకు ఆ నెట్‌వర్క్‌ని చూడలేవు. 2.4లో 1, 6, 11ల్లో ఏదో ఒకటి మీరే పెట్టేయండి. అక్కడినుంచి తెచ్చుకున్న స్కానర్‌కి "ఫోన్లన్నిటికీ వైఫై కనబడుతోంది, దీనికొక్కదానికే కనబడట్లేదు" అన్నప్పుడు నేను ముందు చూసేది ఇదే.
- మాక్ ఫిల్టర్, అంటే జాబితాలో ఉన్న పరికరాల్నే రానిచ్చే సెట్టింగు. పక్కింటివాళ్లు వాడుకోకుండా ఎప్పుడో పెట్టి మర్చిపోయి ఉంటారు. స్కానర్ మాక్ అడ్రస్‌ని అనుమతించిన జాబితాలో చేర్చండి.
- వెనకాల స్విచ్, కేబుల్. కొన్ని మోడళ్లకి వైఫైకి విడిగా స్విచ్ ఉంటుంది, ఐఎక్స్500కి వెనకవైపు ఉంది. కొన్ని ఆల్-ఇన్-వన్‌లలో ల్యాన్ కేబుల్ గుచ్చితే వైఫై దానంతటదే ఆగిపోతుంది.

పాస్‌వర్డ్ కొట్టడం కష్టంగా ఉంటే డబ్ల్యూపీఎస్ వాడొచ్చు, అది పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తో కలిపే పద్ధతి. రూటర్ మీద డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కి, రెండు నిమిషాల్లోపు స్కానర్ మీద కూడా నొక్కాలి. జాగ్రత్త, కొన్ని ఫైబర్ బాక్సుల్లో వైఫై ఆపే బటన్, డబ్ల్యూపీఎస్ బటన్ ఒకటే, ఎంతసేపు నొక్కారన్న దాన్నిబట్టి పని మారుతుంది. బటన్ నొక్కగానే ఇంట్లో అందరి వైఫై పోయిందంటే మీరు వైఫైనే ఆపేశారన్నమాట.

కొత్త కనెక్షన్‌కి మారి బాక్సు మారిందా? కొత్త బాక్సుకి పాత వైఫై పేరే, పాత పాస్‌వర్డే, అదే సెక్యూరిటీ రకం పెట్టేయండి. స్కానర్, టీవీ, సీసీ కెమెరా అన్నీ తమంతట తామే చేరిపోతాయి, ఒక్కొక్కదాన్నీ మళ్లీ సెటప్ చేసే బాధ తప్పుతుంది.

## 5. ఒకే ఇల్లు, రెండు నెట్‌వర్కులు

హాల్లో ఫైబర్ కంపెనీవాళ్లు పెట్టిన బాక్సు, పైగదిలో సిగ్నల్ అందక మీరు కొనుక్కున్న ఇంకో రూటర్. మనవైపు ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో ఇది మామూలే. పేరు కూడా రెండిటికీ ఒకటే పెట్టుకుంటారు, ఫోన్ ఎటు వెళ్తే అటు కనెక్ట్ అవుతుందని. కానీ రెండో రూటర్ రూటర్‌గానే పనిచేస్తుంటే అది వేరే నెట్‌వర్క్.

అప్పుడు అడ్రసులు ఇలా కనబడతాయి: స్కానర్‌కి 192.168.29.37, ఫోన్‌కి 192.168.0.104. వైఫై పేరు ఒకటే, సిగ్నల్ ఫుల్లు, యాప్‌లో మాత్రం స్కానర్ సున్నా. ఇంకా తికమక పెట్టేదేంటంటే, ఫోన్ లోపలి రూటర్ కింద, స్కానర్ బయటి బాక్సు కింద ఉంటే బ్రౌజర్‌లో స్కానర్ పేజీ తెరుచుకుంటుంది కూడా. యాప్ వేసే "ఇక్కడ స్కానర్ ఎవరైనా ఉన్నారా" అన్న కేక మాత్రం రూటర్ దాటి అవతలికి పోదు. అందుకే బ్రౌజర్ పరీక్ష కంటే ముందు అంకెలు పోల్చి చూడమన్నాను.

దీనికి సరైన మందు రెండో రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం, అప్పుడది సొంత నెట్‌వర్క్ పెట్టకుండా మొదటిదాని నెట్‌వర్క్‌నే పంచుతుంది. సెట్టింగుల్లో ఆ మోడ్ ఉంటే ఎంచుకుని సేవ్ చేయండి, అంతే. ఆ మోడ్ లేని పాత రూటర్ అయితే:

1. రెండో రూటర్ అడ్రస్‌ని మొదటిదాని వరసలోకి మార్చండి. ఉదాహరణకి 192.168.29.2, అది ఇంకెవరికీ ఇచ్చి ఉండకూడదు.
2. దాంట్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపండి.
3. హాల్లో బాక్సు నుంచి వచ్చే కేబుల్‌ని దాని వ్యాన్ (ఇంటర్నెట్) పోర్టులోంచి తీసి, మామూలు ల్యాన్ పోర్టులో పెట్టండి.
4. రెండు రూటర్లూ, స్కానర్, ఫోన్ రెండో అంకంలో చెప్పిన వరసలో రీస్టార్ట్ చేయండి.

ఇదంతా ఇప్పుడు కుదరదనుకుంటే, స్కాన్ చేసేటప్పుడు ఫోన్‌ని స్కానర్ ఉన్న వైఫైకి మార్చుకుంటే చాలు. అందుకోసమైనా రెండు రూటర్లకీ వేర్వేరు పేర్లు పెట్టుకోండి.

ఇక్కడే ఇంకో చిన్న విషయం: ఫోన్ వైఫైలోనే ఉందా, మొబైల్ డేటా మీదకి జారిపోయిందా? వైఫైలో ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటే ఫోన్లు చెప్పాపెట్టకుండా డేటాకి మారుతుంటాయి. పరీక్ష చేస్తున్నంతసేపూ మొబైల్ డేటా ఆపేయండి.

## 6. రెండూ ఒకేచోట ఉన్నా ఒకదాన్నొకటి చూడకపోతే

అడ్రసుల వరస ఒకటే, పేజీ తెరుచుకోదు, పింగ్‌కి జవాబు లేదు. అంటే రూటరో, ఫోన్‌లో ఉన్నదేదో మధ్యలో అడ్డం నిలబడింది.

మొదటి అనుమానం గెస్ట్ నెట్‌వర్క్ మీద. గెస్ట్ వైఫై ఉండేదే అతిథుల ఫోన్లు ఇంట్లో పరికరాల్ని చూడకుండా ఆపడానికి. ఫోన్‌గానీ స్కానర్‌గానీ దాంట్లో ఉంటే అసలు వైఫైకి మార్చండి.

రెండోది ఏపీ ఐసొలేషన్. కొన్ని రూటర్లలో క్లయింట్ ఐసొలేషన్ అనో వైర్‌లెస్ ఐసొలేషన్ అనో ఉంటుంది, వైఫై అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో వెతకండి. అది ఆన్‌లో ఉంటే ప్రతి పరికరానికీ ఇంటర్నెట్ వస్తుంది కానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. ఆపేయండి. రెండు బ్యాండ్లకీ విడివిడిగా ఉంటుంది, రెండు చోట్లా చూడండి.

మూడోది ఫోన్‌లో వీపీఎన్, అంటే ఫోన్ ట్రాఫిక్‌ని వేరే దారిలో మళ్లించేది. ఆఫీసు వీపీఎన్ కావచ్చు, ప్రకటనలు ఆపే యాప్ కావచ్చు, అవి కూడా చాలావరకు వీపీఎన్‌గానే పనిచేస్తాయి. పరీక్షించే కాసేపు ఆపండి.

పేజీ తెరుచుకుంటుంది, పర్మిషన్లూ ఉన్నాయి, అయినా యాప్ వెతికితే దొరకదు అంటే మల్టీకాస్ట్‌ని, అంటే అందరికీ ఒకేసారి పంపే సందేశాల్ని, అనుమానించాలి. స్కానర్‌ని కనిపెట్టడానికి యాప్‌లు ఎక్కువగా వాడేది ఎం-డీఎన్‌ఎస్ అనే పద్ధతి, ఐఫోన్ ప్రపంచంలో బోంజూర్ అంటారు. అది 224.0.0.251 అనే అడ్రస్‌కి, 5353 పోర్టులో అందరికీ కలిపి ఒక సందేశం పంపుతుంది. రూటర్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (ఇలాంటి సందేశాలు ఎవరికి పంపాలో చూసే సెట్టింగు) సరిగ్గా పనిచేయకపోతే ఈ సందేశం దారిలోనే పోతుంది. ఆ ఐచ్ఛికం కనబడితే ఒకసారి ఆపి చూడండి, తేడా రాకపోతే మళ్లీ ఆన్ చేసేయండి. యాప్‌లో స్కానర్ అడ్రస్‌ని చేత్తో కొట్టే వీలుంటే అదే దగ్గరిదారి.

హాస్టల్, హోటల్, కాలేజీ వైఫైల్లో ఇవేవీ మీ చేతిలో ఉండవు. పైగా బ్రౌజర్‌లో లాగిన్ పేజీ అడిగే వైఫైలోకి స్కానర్ చేరలేదు, దానికి బ్రౌజర్ లేదు కదా. అక్కడ కుస్తీ పట్టకుండా 8వ అంకం పాటించండి.

## 7. యాప్, పర్మిషన్లు

ఐఫోన్: 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఇంట్లో నెట్‌వర్క్ మీదున్న పరికరాల్ని చూడాలంటే ప్రతి యాప్ విడిగా అనుమతి అడగాలి. మొదటిసారి తెరిచినప్పుడు ఒక పెట్టె వస్తుంది, చదవకుండా "వద్దు" నొక్కేస్తాం, యాప్ దాన్ని మళ్లీ అడగదు. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లోకల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి యాప్ ఎదురుగా స్విచ్ ఆన్ చేయండి. ఆన్‌లోనే ఉందా? ఒకసారి ఆపి, ఆన్ చేసి, ఫోన్ రీస్టార్ట్ చేయండి. జాబితాలో యాప్ పేరే లేకపోతే అప్పుడు మాత్రం యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడంలో అర్థముంది.

ఆండ్రాయిడ్: ఆండ్రాయిడ్ 13 నుంచి "దగ్గరలోని పరికరాలు" అన్న పర్మిషన్, అంతకుముందు వాటిలో లొకేషన్ పర్మిషన్. స్కానర్‌కి లొకేషన్ ఎందుకని తిట్టుకుంటాం గానీ చుట్టుపక్కల వైఫై పేర్ల జాబితా చూడాలంటే ఆ పాత ఆండ్రాయిడ్లలో అదే దారి. పర్మిషన్ ఒక్కటే చాలదు, పైనుంచి కిందికి లాగితే వచ్చే లొకేషన్ బటన్ కూడా ఆన్‌లో ఉండాలి. సెటప్ అయ్యాక ఆపేసుకోవచ్చు.

పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నాక కూడా దొరక్కపోతే:

- యాప్‌లో పాత స్కానర్ నమోదుని తీసేసి, మళ్లీ జోడించండి. అడ్రస్ మారినా కొన్ని యాప్‌లు పాతదాన్నే పట్టుకుని వేలాడతాయి.
- ఇంకో ఫోన్‌గానీ కంప్యూటర్‌గానీ ఆ స్కానర్‌ని వాడుతోందేమో చూడండి. చాలా స్కానర్లు ఒకసారికి ఒకరితోనే మాట్లాడతాయి. అవతలి యాప్‌ని మూసేయండి.
- ఆండ్రాయిడ్‌లో మోప్రియా స్కాన్ అనే ఉచిత యాప్ వేసి చూడండి. అది అన్ని స్కానర్లతోనూ పనిచేయదు, కానీ మీది దాంట్లో దొరికి కంపెనీ యాప్‌లో దొరక్కపోతే తప్పు ఎక్కడుందో తేలిపోయినట్టే.

## 8. రూటర్ లేకుండా నేరుగా

వైఫై డైరెక్ట్ లేదా డైరెక్ట్ కనెక్ట్ అంటారు. స్కానరే ఒక వైఫై వదులుతుంది, ఫోన్ దాంట్లో చేరుతుంది. పేరు చాలావరకు డైరెక్ట్ అన్న మాటతో మొదలవుతుంది, పాస్‌వర్డ్ స్టిక్కర్ మీదో తెర మీదో ఉంటుంది.

1. స్కానర్‌లో డైరెక్ట్ మోడ్ ఆన్ చేయండి.
2. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి.
3. వైఫై జాబితాలో స్కానర్ పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టండి.
4. "ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, కనెక్ట్ అయి ఉండాలా?" అని ఫోన్ అడుగుతుంది. అవును అనండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఈ నోటిఫికేషన్‌ని పక్కకి తోసేస్తే ఫోన్ కాసేపటికి స్కానర్‌ని వదిలేసి ఇంటి వైఫైకి వెళ్లిపోతుంది.
5. యాప్ తెరిచి స్కాన్ చేసి, ఫోన్‌లోనే సేవ్ చేసుకోండి.

ఈ మోడ్‌లో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి డ్రైవ్‌లోకో వాట్సాప్‌లోకో నేరుగా పంపలేరు. పని అయ్యాక మామూలు వైఫైకి వచ్చి పంపండి. కొన్ని స్కానర్లు డైరెక్ట్ మోడ్‌లో పెడితే ఇంటి వైఫైని వదిలేస్తాయి, తర్వాత మోడ్ వెనక్కి మార్చడం మర్చిపోకండి.

రోజూ పదిమంది కాగితాలు స్కాన్ చేసే జిరాక్స్ షాపులకి, డాక్యుమెంట్ రైటర్లకి నా సలహా అయితే ఇది కాదు. ప్రతిసారీ ఫోన్‌ని అటూఇటూ మార్చుకోవడం ప్రాణం మీదకొస్తుంది. చవకైన చిన్న రూటర్ ఒకటి పెట్టుకోండి, దానికి ఇంటర్నెట్ లేకపోయినా స్కానింగ్ నడుస్తుంది.

## 9. మధ్యమధ్యలో తెగిపోతుంటే, మళ్లీ మళ్లీ వస్తుంటే

కొన్ని పేజీలు వచ్చాక ఆగిపోతోందంటే ముందు రిజల్యూషన్ చూడండి. ఏ4 కాగితం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 బై 3508 పిక్సెళ్లు, కుదించకముందు రంగుల్లో దాదాపు 26 ఎంబీ. 600 పెడితే నాలుగింతలు. పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లు, దస్తావేజులకి 300 చాలు, నలుపు తెలుపు కాగితమైతే 200 కూడా నడుస్తుంది.

స్కాన్ అవుతున్నంతసేపూ ఫోన్ తెర ఆరిపోకూడదు, వేరే యాప్‌కి వెళ్లకూడదు. బ్యాటరీ సేవర్ ఆపండి, ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయండి. చిన్న పోర్టబుల్ స్కానర్‌ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మీద నడిపిస్తుంటే గోడ అడాప్టర్‌కి మార్చి చూడండి.

కరెంటు పోయిన ప్రతిసారీ స్కానర్ మాయమవుతోందంటే చాలావరకు దాని ఐపీ అడ్రస్ మారుతోందని. దానికి శాశ్వత మందు రూటర్‌లో అడ్రస్ రిజర్వ్ చేయడం:

- రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ లేదా ల్యాన్ సెట్టింగ్స్ తెరవండి.
- అడ్రస్ రిజర్వేషన్ లేదా స్టాటిక్ లీజ్ అన్నచోట స్కానర్ మాక్ అడ్రస్, ఇవ్వాలనుకున్న ఐపీ అడ్రస్ నమోదు చేయండి.
- సేవ్ చేసి, స్కానర్‌ని ఆపి ఆన్ చేయండి.
- కొత్త అడ్రస్ వచ్చిందో లేదో చూసి, యాప్‌లో స్కానర్‌ని మళ్లీ జోడించండి.

అడ్రస్‌ని స్కానర్‌లోనే చేత్తో పెట్టేయొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, కానీ రేపు రూటర్ అదే అడ్రస్‌ని టీవీకి ఇచ్చిందంటే రెండూ కొట్టుకుంటాయి. రూటర్‌లో చేయడమే మేలు.

## 10. ఏదీ పనిచేయకపోతే

రీసెట్‌కి ముందు హాట్‌స్పాట్ పరీక్ష. ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి బ్యాండు 2.4 పెట్టండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో అయితే "మాక్సిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయాలి. స్కానర్‌ని, రెండో ఫోన్‌ని దాంట్లో చేర్చి, రెండో ఫోన్‌లో యాప్ తెరవండి. హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్‌లోనే యాప్ తెరిచి చూడొద్దు, ఆ ఫోన్ వైఫైలో లేదని కొన్ని యాప్‌లు వెతకవు.

ఇక్కడ పనిచేస్తే స్కానర్ బంగారం, తప్పు మీ రూటర్‌దే, 4 నుంచి 6 అంకాలు మళ్లీ నిదానంగా చూడండి. స్కానర్ హాట్‌స్పాట్‌లోకి కూడా రాకపోతే ఫర్మ్‌వేర్ (స్కానర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. కంప్యూటర్‌కి యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి, కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో చేయండి. మధ్యలో కరెంటు పోతే స్కానర్ మొత్తానికే పనికిరాకుండా పోవచ్చు, ఇన్వర్టర్ మీదున్న ప్లగ్గులో పెట్టుకోండి.

ఆ తర్వాతే నెట్‌వర్క్ రీసెట్. మెనూలో "నెట్‌వర్క్ సెట్టింగ్స్ మాత్రమే" అన్న ఐచ్ఛికం ఉంటే అదే ఎంచుకోండి, అన్నీ చెరిపేసేది కాదు. రీసెట్ అయ్యాక 4వ అంకం నుంచి మళ్లీ.

ఇంకా కాకపోతే సర్వీస్ సెంటర్. ఫోన్ చేసేముందు ఇవి రాసి పెట్టుకుంటే "ఆపి ఆన్ చేశారా సర్" దగ్గరే ఆగిపోరు:

- మోడల్, సీరియల్ నంబర్, కొన్న తేదీ, బిల్లు
- ఫర్మ్‌వేర్ వెర్షన్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్
- స్కానర్ ఐపీ అడ్రస్, ఫోన్ ఐపీ అడ్రస్
- వైఫై లైట్ ఏ రంగులో, ఎలా వెలుగుతోంది
- హాట్‌స్పాట్ పరీక్షలో ఏమైంది, యూఎస్‌బీ కేబుల్ మీద స్కాన్ అవుతోందా లేదా

యూఎస్‌బీ మీద స్కాన్ అవుతూ హాట్‌స్పాట్‌లోకి కూడా రాని స్కానర్ అయితే లోపల వైఫై భాగమే పోయి ఉండొచ్చు. వారంటీలో ఉంటే మార్పించుకోండి. వారంటీ అయిపోయి ఉంటే బాగుచేయడానికి ఎంతవుతుందో ముందే అడగండి, ఎక్కువ చెప్తే కేబుల్ మీదే కంప్యూటర్‌కి స్కాన్ చేసుకుని అక్కడినుంచి ఫోన్‌కి పంపుకోండి.